రొయ్య సీడ్ బ్యాగు మీద నీటి టెంపరేచర్ రాయించండి

సంపాదకులు గారికి నమస్కారమండి,

మీ సేద్యం పేజీలో చెరువుల్లో పెంచే వనామీ రొయ్యకి నీళ్ళు 28 నుంచి 30 డిగ్రీలుంటే చాలని ఒకటే లెక్క వేశారు, ఏ సైజు రొయ్యకో చెప్పలేదు. ఎదిగేకొద్దీ దానికి కావల్సిన వేడి మారిపోతుందండి. 1995లో వచ్చిన ఒక పరిశోధనలో 23, 27, 30 డిగ్రీల నీళ్ళల్లో పెంచి చూస్తే 5 గ్రాముల లోపు పిల్లలు 30లోనే బాగా పెరిగాయి, పెద్దవాటికేమో 27 దగ్గరే సరిపోయింది. రొయ్య ఒంటికి సొంత వేడి ఉండదు కదా, నీళ్ళెంత ఉంటే అదీ అంతే, చల్లబడితే మేత ముట్టదు, గుల్ల విడవడం లేటవుతుంది. అలాగని ఎంత వేడైనా పర్లేదని కాదు, నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది, పిల్లకేమో అప్పుడే ఎక్కువ కావాలి, పైగా అమ్మోనియా విషం కూడా పెరుగుతుంది.

ఇంతకీ నేను ముఖ్యంగా రాసేది సీడ్ గురించి, అంటే చెరువులో వదలడానికి కొనే రొయ్య పిల్లల గురించి. వాటిని పుట్టించే హేచరీలో పిల్లల్ని వెచ్చటి నీళ్ళల్లో పెంచుతారు, ప్యాకింగప్పుడు ఆక్సిజన్ తక్కువ వాడుకుంటాయని నీళ్ళు చల్లబరుస్తారు, అది తప్పేం కాదు, దూరం పోవాలంటే అలాగే చెయ్యాలి, కానీ ఆ తర్వాత అవి వచ్చి పడేది ఎండకి కాగిన చెరువులో. సెంటీమీటరు అటూ ఇటూగా ఉండే ప్రాణం, ఒక్క రోజులో మూడు రకాల నీళ్ళు తట్టుకోవాలి! బ్యాగుల్ని చెరువులో తేల్చి కొంచెం కొంచెంగా చెరువు నీళ్ళు కలుపుతూ అలవాటు చెయ్యమంటారు, సరే, కానీ అది ఎంతసేపో తేడా ఎన్ని డిగ్రీలో తెలిస్తేనే కదా తేలేది. మొన్న మాకొచ్చిన బ్యాగుల మీద పిల్లల లెక్క, తేదీ తప్ప ఇంకేం లేదు. దెబ్బ తిన్న పిల్ల అడుగుకి పోతుంది, కంటికి కనపడదు, ఎన్ని బతికాయో తెలియక మేము మాత్రం వదిలిన లెక్కకే మేత వేస్తూ పోతాం, మిగిలిన మేత అడుగున కుళ్ళి ఉన్న పిల్లలకి కూడా ఎసరు పెడుతుంది.

హేచరీ ట్యాంకులో టెంపరేచర్ ఎంత ఉంది, ప్యాక్ చేసినప్పుడు ఎంత ఉంది, సెలినిటీ అంటే నీళ్ళల్లో ఉప్పు ఎంత, ఈ మూడూ బ్యాగు మీద రాసి తీరాలని మత్స్యశాఖ వాళ్ళు రూల్ పెట్టాలి. థర్మామీటరు హేచరీలో ఎలాగూ ఉంటుంది, రాయడానికి ఒక పెన్ను చాలు. మీరు కూడా ఇకమీదట పిల్లలకి వేరే, పెద్దవాటికి వేరే అంకెలు వెయ్యండి, టెంపరేచర్ పైపైన కాకుండా రొయ్య ఉండే అడుగున, తెల్లారకముందు ఒకసారి మధ్యాహ్నం ఒకసారి చూడమని దయచేసి రాయండి.

ఇట్లు,
ఒక రొయ్యల రైతు