గ్రాఫు పచ్చగానే ఉంది మామా

ఎండాడ, విశాఖపట్నం
ఆదివారం

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది, జవాబు ఇంత ఆలస్యమైనందుకు ఏమీ అనుకోకు. ఇంట్లో అందరం బాగున్నాం, అమ్మకి మోకాలి నొప్పి తగ్గింది, చెల్లి సంబంధం అనకాపల్లి వాళ్ళతో దాదాపు ఖాయం, ఉక్కపోత మామూలే. కబుర్లు అయిపోయాయి. ఇప్పుడు అసలు సంగతి విను. ఇక్కడ ఎవరికి చెప్పబోయినా "ఊఁ, మంచిదే" అని ఫోన్‌లో తల పెట్టేస్తున్నారు. నువ్వైతే చివరిదాకా వింటావు.

మా ఆఫీసు ఒక రక్తపరీక్షల ల్యాబుకి సాఫ్ట్‌వేర్ నడుపుతుందని చెప్పాను కదా. పొద్దున్నే పరగడుపున రక్తం ఇచ్చి వెళ్ళినవాళ్ళ రిపోర్టులన్నీ పదకొండు ప్రాంతంలో ఒక్కసారిగా తయారవ్వాలి. సరిగ్గా ఆ గంటలోనే మా రిపోర్టుల కంటైనర్, అంటే రిపోర్టులు తయారుచేసే ప్రోగ్రాము, కదలదు. ఏం జరుగుతోందో చూద్దామని మహారాణిపేటలో ఉన్న వాళ్ళ బ్రాంచికి వెళ్ళి కూర్చున్నాను. పాడేరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) రిపోర్టు చేతికొస్తే కేజీహెచ్ పెద్దాసుపత్రిలో డాక్టరుకి చూపించి మళ్ళీ బస్సు పట్టుకోవాలి. కౌంటర్లో అమ్మాయి "సర్వర్ స్లోగా ఉందండి" అంటే ఆయన ఒక్క మాట తిరిగి అనలేదు, వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. కడుపులో దేవినట్టయింది మామా.

ఆఫీసుకొచ్చి చూస్తే కంటైనర్ ఎలా నడుస్తోందో చూపించే గ్రాఫులన్నీ పచ్చగా ఉన్నాయి! సీపీయూ వాడకం 35 శాతం. మెమొరీ నిండలేదు. "కంటైనర్ ఖాళీగానే ఉంది, లోపం కోడ్‌లోనే" అని తేల్చేశారు. ఆ కోడ్ రాసింది కొత్తగా చేరిన అమ్మాయి, రోజూ విజయనగరం నుంచి వచ్చి వెళ్తుంది. మీటింగులో ఆ పిల్ల మొహం చూస్తే మన ఫైనల్ ఇయర్ వైవా గుర్తొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

కంటైనర్ అంటే ఏంట్రా అని కిందటిసారి అడిగావు. అది విడిగా ఒక కంప్యూటరేమీ కాదు. మెషీన్‌ని నడిపే లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ప్రోగ్రామే, కాకపోతే ఎంత సీపీయూ, ఎంత మెమొరీ వాడొచ్చో కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, హద్దు పెట్టి లెక్క రాస్తుంది. దాన్ని సీగ్రూప్స్ అంటారు, 2008లో లైనక్స్‌లోకి వచ్చింది. ఆ లెక్కల్ని సీఅడ్వైజర్ అనే టూల్ చదువుతుంది, ప్రొమీథియస్ కొన్ని సెకన్లకోసారి పట్టుకెళ్ళి దాస్తుంది, గ్రఫానా గ్రాఫు గీస్తుంది.

మెమొరీ హద్దు దాటితే కెర్నల్ ప్రోగ్రాముని చంపేస్తుంది, అందరికీ తెలిసిపోతుంది. సీపీయూ హద్దు దాటితే చంపదు, కాసేపు ఆపి ఉంచుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. మామూలుగా కెర్నల్ ఈ సీపీయూ వాటాని 100 మిల్లీసెకన్లకోసారి కొత్తగా ఇస్తుంది, అదే ఒక విడత. మా కంటైనర్ హద్దు ఒక సీపీయూ, అంటే విడతకి 100 మిల్లీసెకన్ల పని. కానీ మెషీన్లో 16 కోర్లున్నాయి, అంటే ఒకేసారి 16 పనులు చేయగలదు. ప్రోగ్రాము గో అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది, వెర్షన్ పాతది. అది తన హద్దు చూసుకోదు, మెషీన్లో ఉన్న కోర్లు లెక్కపెట్టి పదహారింటి మీదా ఒకేసారి పని మొదలెడుతుంది. పదహారూ కలిసి లాగితే వాటా 6.25 మిల్లీసెకన్లలో ఖాళీ! మిగతా 93.75 మిల్లీసెకన్లు అన్నీ ఆగిపోవాల్సిందే.

మన ఎంవీపీ కాలనీ రూములో ట్యాంకు గుర్తుందా? పొద్దున్న ఏడింటికి అందరూ కుళాయిలు తిప్పేస్తే, మళ్ళీ మోటరు వేసేదాకా ఎర్ర టవల్ వాడు ఒంటినిండా సబ్బుతో... ఇక రాయను, నువ్వు ఇప్పటికే నవ్వుతూ ఉంటావు. రోజు మొత్తం మీద సగటు తీస్తే మనకి నీళ్ళ కొరతే లేదు కదా!

మా గ్రాఫు 5 నిమిషాల సగటు. 5 నిమిషాల్లో అలాంటి విడతలు 3,000. వాటిలో పావు వంతు, అంటే 750 విడతల్లో ప్రోగ్రాము ఆగిపోయినా, తక్కిన వాటిలో కొద్దిపాటి పనే ఉంటే సగటు ఆ 35 దగ్గరే కనబడుతుంది. సీపీయూ శాతం ఒక్కటి చూసి కంటైనర్ బాగుందని ఎవరైనా అంటే ఇక నేను ఊరుకోను.

ఆ అమ్మాయీ నేనూ కంటైనర్‌లోకి వెళ్ళి సీపీయూ డాట్ స్టాట్ ఫైలు తెరిచాం. ఎన్ని విడతలు గడిచాయి, ఎన్నిట్లో ఆపారు, మొత్తం ఎంతసేపు ఆపారు, అన్నీ అందులో ఉన్నాయి. పదకొండు దాటేసరికి రెండో అంకె మా కళ్ళముందే ఎగబాకుతోంది. ఆ పిల్ల కుర్చీలోంచి లేచి నిలబడిపోయింది. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఏంటంటే, ఈ అంకెల్ని సీఅడ్వైజర్ మొదట్నుంచీ ఇస్తూనే ఉంది. ప్రొమీథియస్‌లో భద్రంగా ఉన్నాయి. వాటికి గ్రాఫే లేదు! అవతల జనం బెంచీల మీద కూర్చున్నారు, ఇవతల ఒక పిల్ల మాటలు పడింది.

హద్దు 2 సీపీయూలకి పెంచి, గో ఒకేసారి ఎన్ని కోర్ల మీద పనిచేయాలో చెప్పే గోమాక్స్‌ప్రాక్స్ కూడా 2 పెట్టాం. గో 1.25 నుంచి ఆ హద్దు తనే చూసుకుంటుంది, దానికీ మారతాం. మర్నాడు పదకొండింటికి రిపోర్టులు టకటకా బయటికొచ్చాయి. మీటింగులో వివరించింది ఆ అమ్మాయే, బోర్డు మీద 6.25 అని పెద్దగా రాసి మరీ. నేను వెనకాల కూర్చుని విన్నాను, ఎంత సంతోషమేసిందో. ఇప్పుడు ఆగిన విడతల శాతానికి విడిగా అలర్ట్ ఉంది.

తర్వాత తను ఒక ప్రశ్న వేసింది, అసలు సీపీయూ హద్దే తీసేస్తే పోలేదా అని. చాలామంది తీసేస్తారు కూడా. కానీ అదే మెషీన్ మీద మా బిల్లింగ్ కంటైనర్ కూడా ఉంది, దాని సంగతి... నాకింకా తేలలేదు, నువ్వేమంటావో రాయి.

మెమొరీ గురించి చెప్పనేలేదు! ఫైళ్ళ కోసం కెర్నల్ దాచుకున్న కాష్ కూడా వాడకంలో కలిపి చూపిస్తుంది, అది చూసి మావాళ్ళు కంగారుపడి... అమ్మ కేకేస్తోంది, గ్యాస్ బండ వచ్చిందట, కింద నుంచి మోయాలి. వెంటనే జవాబు రాయి.

ఉంటాను,
నీ మామ