తిండి రుగ్మతకూ ఓసీడీకీ జిల్లాల్లోనే థెరపీ అందాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

తిండి రుగ్మత (ఈటింగ్ డిజార్డర్), ఓసీడీ (వద్దన్నా వదలని భయాలతో చేసిన పనే మళ్లీ మళ్లీ చేసే జబ్బు) ఒకే మనిషిని పట్టుకున్నప్పుడు, రెండింటినీ కలిపి చూడగల ఓర్పున్న థెరపిస్టు కోసం కుటుంబాలు పడుతున్న యాతనను ప్రభుత్వం దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఈ రెండింటితోనూ బాధపడుతోంది.

మన ఇళ్లలో శనివారం ఉపవాసం, మడి, ఎంగిలి పట్టింపు మామూలే కనుక ఈ జబ్బులు చాలాకాలం వాటి చాటునే దాగి ఉంటాయి. కడిగిన కంచాన్నే మళ్లీ మళ్లీ కడుగుతున్నా, చేతులు తోమి తోమి వేళ్ల సందుల్లో చర్మం చిట్లుతున్నా చాదస్తమని సరిపెట్టుకుంటారు. మేము మొదట వెళ్లినచోట ఒక కౌన్సెలర్, పిల్ల తల కూడా ఎత్తకముందే, కడుపునిండా తింటే అన్నీ సర్దుకుంటాయని చెప్పి పంపించారు. ఆ తర్వాత కొన్ని నెలలపాటు డాక్టరు అన్న మాట వింటేనే అమ్మాయి గది తలుపు వేసుకునేది.

చివరకు పొరుగు జిల్లాలో దొరికిన క్లినికల్ సైకాలజిస్టు, అన్నం ముందు కూర్చోగానే ఏ భయం ముందుగా వస్తుందని అడిగారు. మెతుకుల్లో మురికి ఉందన్న భయంతో తినని వారికీ, లావైపోతామన్న భయంతో తినని వారికీ చికిత్స ఒకటి కాదు. మా అమ్మాయికి రెండు భయాలూ ఉన్నాయి. ఓసీడీకి ప్రధానంగా ఇచ్చే ఈఆర్‌పీ అనే థెరపీలో, భయపెట్టే వస్తువును కొద్దికొద్దిగా ముట్టుకోనిచ్చి, చేతులు కడుక్కోకుండానే ఆ ఆందోళనను ఓర్చుకోవడం అలవాటు చేస్తారు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆ సైకాలజిస్టు అమ్మాయినే ఎంచుకోమన్నారు. "గిన్నె శుభ్రంగానే ఉంది కదా అమ్మా?" అని పూటకు పదిసార్లు అడిగితే పదిసార్లూ అవునని చెప్పే మా అలవాటును, పిల్ల మనసు నొచ్చుకోకుండా ఎలా తగ్గించుకోవాలో మాకూ నేర్పారు. ఆ దయ, ఆ పనితనం రెండూ ఉన్నవారు ఎంత అరుదో ఈ బాధ పడిన ప్రతి తల్లికీ తెలుసు.

ఇలాంటివారి కోసం వెతుకుతున్న కుటుంబాలకు నా మనవి ఒకటే. ఆ వ్యక్తి క్లినికల్ సైకాలజిస్టుగా భారత పునరావాస మండలిలో నమోదయ్యారా, ఈఆర్‌పీ స్వయంగా చేయించిన అనుభవం ఉందా, మందులిచ్చే సైకియాట్రిస్టుతోనూ ఫిజీషియన్‌తోనూ కలిసి పనిచేస్తారా అన్నవి మొహమాటపడకుండా అడగండి. తిన్నది కక్కుకునే అలవాటున్న వారికి రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది కనుక ఈ చికిత్స మాటలతోనే ముగిసేది కాదు. బరువు, నాడి, రక్తపరీక్షలు, అవసరమైతే ఈసీజీ కూడా చూస్తూ ఉండాలి.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రభుత్వ సేవలను హక్కుగా ఇచ్చింది, శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలనీ చెప్పింది. అయితే ఆసుపత్రిలో చేరితేనే వర్తించే పాలసీ ఉన్నవారికి, వారం వారం సాగే థెరపీ ఖర్చు చేతి నుంచి పెట్టుకోక తప్పడం లేదు. బస్సు ఛార్జీలు, పోగొట్టుకున్న కూలి దీనికి అదనం. ఎర్రగడ్డ, విశాఖ మానసిక ఆసుపత్రులకో బెంగళూరు నిమ్హాన్స్‌కో ప్రతి వారం వెళ్లిరావడం ఎన్ని కుటుంబాల తరమవుతుంది?

జిల్లా ఆసుపత్రుల్లో క్లినికల్ సైకాలజిస్టుల పోస్టులు భర్తీ చేసి, వారికి ఈఆర్‌పీలోనూ తిండి రుగ్మతల చికిత్సలోనూ శిక్షణ ఇప్పించాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ కోరుతున్నాను. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసినవారికి, ఏ జిల్లాలో ఎవరు ఏ చికిత్స చేస్తారో చెప్పగలిగేలా ఒక జాబితా తయారుచేసి అక్కడి సిబ్బందికి అందించాలి. ఇందుకు కొత్త భవనాలేమీ అక్కర్లేదు.

అమ్మాయి కోరిక మేరకు నా పేరు ప్రచురించవద్దని మనవి.

ఇట్లు,
ఒక తల్లి,
కాకినాడ