సంతకం సరిచూసే కోడ్‌లో శేషాల లెక్క

సంపాదకులకు నమస్కారం.

డిజిటల్ సంతకాల గురించి రాసేవారంతా సంతకం చేసే రహస్య సంఖ్యను, అంటే ప్రైవేట్ కీని, ఎలా దాచుకోవాలో చెబుతారు. వచ్చిన సంతకాన్ని సరిచూసే కోడ్ సంగతి ఎవరూ ఎత్తరు. బెంగళూరులో చెల్లింపుల సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువారిలో మీ పాఠకులూ ఉంటారు కనుక ఈ ఉత్తరం.

ఈసీడీఎస్ఏ అనేది ఎలిప్టిక్ వక్రం మీది బిందువులతో డిజిటల్ సంతకం చేసే పద్ధతి. అందులో శేషాలు రెండు రకాలు. వక్రం మీద బిందువుల కూడికకు పి అనే ప్రధాన సంఖ్యతో శేషం తీయాలి; సంతకంలోని ఆర్, ఎస్ అనే రెండు సంఖ్యల లెక్కకు ఎన్‌తో, అంటే మూల బిందువు జి ఆర్డర్‌తో (జిని దానికదే ఎన్నిసార్లు కూడితే సున్నా లాంటి అనంత బిందువు వస్తుందో ఆ సంఖ్య). చిన్న వక్రం తీసుకుందాం: వై వర్గం = ఎక్స్ ఘనం + 2ఎక్స్ + 2, పి 17, జి (5, 1), ఎన్ 19. అందరికీ ఇచ్చే పబ్లిక్ కీ క్యూ (0, 6), సందేశం నుంచి కట్టిన సంఖ్య హ్యాష్ 5, సంతకం (7, 13), అంటే ఆర్ 7, ఎస్ 13. 19తో శేషాల్లో 13కు విలోమం 3 (13 × 3 = 39, శేషం 1). దాంతో హ్యాష్‌ను గుణిస్తే 15, ఆర్‌ను గుణిస్తే 21, శేషం 2. 15జి + 2క్యూ = (7, 11). ఎక్స్ 7, ఆర్‌తో కలిసింది. విలోమంతో సహా అన్నిటికీ 17తోనే శేషం తీస్తే (3, 1) వచ్చి, అసలు సంతకమే చెల్లకుండా పోతుంది.

ఈ తప్పు మొదటి టెస్టులోనే దొరుకుతుంది. భయపడాల్సింది దొంగ సంతకాన్ని ఒప్పుకునే కోడ్‌కు. జావా 15 నుంచి 18 వరకు జరిగింది అదే. ఆర్, ఎస్ 1కీ ఎన్−1కీ మధ్య ఉన్నాయో లేదో ఆ కోడ్ చూడలేదు. రెండూ సున్నాలు పంపితే, విలోమాన్ని ఘాతంతో (ఎస్‌ను దానితోనే పదేపదే గుణించి) కట్టారు కనుక ఎర్రర్ రాకుండా సున్నాయే వచ్చింది. ఫలితం అనంత బిందువు, దాని ఎక్స్ సున్నాగా లెక్కకొచ్చి ఆర్‌తో సరిపోయింది. ఏ సందేశానికైనా, ఎవరి కీకైనా ఆ సంతకం చెల్లింది! 2022 ఏప్రిల్‌లో గానీ సవరణ రాలేదు.

చివర్లో ఎక్స్‌కు ఎన్‌తో శేషం తీయడం మరిస్తే ఇంకా మొండి తప్పు. నిజంగా వాడే పి-256 వక్రంలో ఎన్, పి రెండూ 256 బిట్ల సంఖ్యలు. ఎన్ కన్నా పి పెద్దది, కానీ ఆ తేడా 128 బిట్ల లోపే. యాదృచ్ఛిక టెస్టులు ఎన్ని కోట్లు నడిపినా ఆ సందులో పడవు. గూగుల్ మొదలుపెట్టిన వైచ్‌ప్రూఫ్ టెస్టుల్లోలాగా కావాలని ఎంచిన విలువలే దాన్ని పట్టిస్తాయి.

పైథాన్ నుంచి సి, జావాల్లోకి మార్చేటప్పుడు రుణ సంఖ్యలు చూసుకోవాలి: −7 % 5 (−7ను 5తో భాగిస్తే శేషం) పైథాన్‌లో 3, సి, జావాల్లో −2.

నగరంలోని కళాశాలలు పై చిన్న వక్రాన్నే ల్యాబ్‌లో ఇవ్వాలని మనవి. విద్యార్థుల కోడ్ (0, 0)ను, (7, 32)ను తిరస్కరించాలి. (7, 6) మాత్రం చెల్లుతుంది. ఎస్ బదులు ఎన్−ఎస్ పెట్టినా ఎక్స్ మారదు. అంటే ఒకే సందేశానికి రెండు సంతకాలూ చెల్లుతాయి. అందుకే సంతకాన్ని లావాదేవీ గుర్తింపుగా వాడకూడదు.

— ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, మారతహళ్లి, బెంగళూరు