ఆ కాగితం మీద సంతకం ఎవరు పెడతారు?

గౌరవనీయులైన కేంద్ర ఉక్కు శాఖ మంత్రి గారికి,

గాజువాక నుంచి నమస్కారాలు.

మా దగ్గర టీకొట్టులో స్టీల్‌ప్లాంట్ మాట వస్తే పోస్కో మాట రాక మానదు. 2019లో ఆ కొరియా కంపెనీతో వైజాగ్ స్టీల్‌కి అవగాహన ఒప్పందం కుదిరినప్పుడూ అంతే, 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణకి సరే అన్నప్పుడూ అంతే. "చూశారా, వాళ్లెలా నడుపుతున్నారో!" అంటారు. ఆ పోస్కో పుట్టింది ప్రభుత్వ కంపెనీగానే అని మాత్రం ఎవరూ చెప్పరు. దాన్ని కట్టిన పార్క్ తే-జున్ తన పేరు మీద ఒక్క షేరు కూడా రాయించుకోలేదనీ చెప్పరు.

ఆయన 1927లో కొరియాలోని బుసాన్ పక్కన ఒక పల్లెలో పుట్టారు. చిన్నతనంలోనే కుటుంబం జపాన్ వెళ్లింది. అక్కడ వసేదా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ చదువుతూ మధ్యలో ఆపేసి, జపాన్ పాలన నుంచి కొరియాకి స్వాతంత్ర్యం వచ్చాక సైన్యంలో చేరారు. 1948లో సైనిక అకాడమీలో ఆయనకి పాఠం చెప్పినాయన పార్క్ చుంగ్-హీ. (ఇంటిపేరు ఒకటేగానీ ఇద్దరికీ చుట్టరికం లేదు.) 1961లో ఆ గురువే సైనిక తిరుగుబాటుతో దేశాన్ని చేతిలోకి తీసుకుని, ఏడేళ్ల తర్వాత ఉక్కు బాధ్యత ఈ శిష్యుడికి అప్పజెప్పారు.

1968 ఏప్రిల్ 1న కంపెనీ అయితే మొదలైంది, డబ్బు మాత్రం లేదు. కొరియాకి ఉక్కు గిట్టుబాటు కాదని ప్రపంచ బ్యాంకు తేల్చేసింది. ఇస్తామన్న పాశ్చాత్య కంపెనీలూ వెనక్కి తగ్గాయి. పాత వలస పాలన లెక్కలు తేల్చే 1965 ఒప్పందం కింద జపాన్ ఇస్తున్న సొమ్ములో వ్యవసాయం లాంటి వాటికి అనుకున్న భాగాన్ని ఉక్కుకి మళ్లించాలన్న ఆలోచన అప్పుడే పుట్టింది. దానికి జపాన్ కూడా ఒప్పుకోవాలి కదా. జపాన్ పండితుడు యసువోకా మసహిరో ద్వారా అక్కడి ఉక్కు కంపెనీ యవతా స్టీల్ అధిపతి ఇనయామా యోషిహిరో దాకా వెళ్లి, సాంకేతిక సాయానికి ఒప్పించారు. పరాయి పాలనలో నేర్చుకున్న జపాన్ భాష అక్కడ అక్కరకొచ్చింది.

మీకు ప్రత్యేకంగా గుర్తు చేయాలనుకున్నది 1970 నాటి ఒక చిన్న కాగితం గురించి. యంత్రాల కొనుగోళ్లలో అధికారులు అడ్డం పడుతున్నారు, రాజకీయ నాయకులు మనుషుల్ని పంపుతున్నారు. పార్క్ తే-జున్ వెళ్లి అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ దగ్గర మొరపెట్టుకున్నారు. చెప్పిందంతా కాగితం మీద రాయమన్నారు అధ్యక్షుడు. సరఫరాదారుని కంపెనీయే ఎంచుకోవచ్చు, అందులో ఎవరూ వేలు పెట్టకూడదు. ఈ సంగతులే రాస్తే, ఆయన ఒక మూల సంతకం గీకి తిరిగిచ్చేశారు. కొరియన్లు దాన్ని 'కాగితపు గుర్రపు బిళ్ల' అంటారు. పూర్వం రాజు పంపే రహస్య తనిఖీ అధికారి దగ్గర గుర్రం బొమ్మ చెక్కిన లోహపు బిళ్ల ఉండేది, అది చూపిస్తే దారిలో గుర్రాలు ఇచ్చి తీరాలి. ఈ కాగితాన్ని బయటికి తీసి చూపించాల్సిన అవసరమే రాలేదని చెబుతారు. ఉందని తెలిస్తే చాలదూ!

1973 జూన్ 9న, ప్లాంటు కట్టిన పోహాంగ్‌లో మొదటి ఇనుము కరిగి పారింది. తొలి ఏడాదే లాభం. 1977లో మూడో దశ పనుల్లో, 80 శాతం పూర్తయిన కాంక్రీటు కట్టడం ఒకటి నాసిగా ఉందని తేలితే, అందరినీ పిలిచి వాళ్ల కళ్లముందే డైనమైట్‌తో పేల్చేయించారు. ముప్పై ఏళ్లు కాంట్రాక్టర్ల దగ్గర సివిల్ సూపర్‌వైజర్‌గా చేసినవాణ్ణి, అది చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. ఒక సైటులో షట్టరింగ్ విప్పితే స్తంభం నిండా హనీకోంబ్ (తేనెపట్టులా బొక్కలు), కంకర పళ్లికిలిస్తోంది. కొట్టేసి మళ్లీ పోయాలన్నాను. తెల్లారేసరికి సిమెంటు మెత్తి, నున్నగా తాపీ తిప్పి, బిల్లు పాసు చేయించేశారు. నా మాట నిలబెట్టే కాగితమేదీ నా దగ్గర లేదు.

ఆ కథలో నాకు నచ్చనివీ ఉన్నాయి. సంతకం పెట్టినాయన నియంత. 1979లో ఆయన్ని కాల్చి చంపారు. తర్వాత కంపెనీని కాపాడుకోవడానికి పార్క్ తే-జున్ తానే రాజకీయాల్లోకి దిగాల్సి వచ్చింది. 1992లో కుర్చీ వదిలారు, కొత్త అధ్యక్షుడితో చెడి 1993లో జపాన్ వెళ్లిపోయారు, నాలుగేళ్లు అక్కడే. 2000లో ప్రధాని అయితే, ఆస్తుల వివాదంలో నాలుగు నెలలకే రాజీనామా చేశారు. ఒక మనిషి సంతకం ఆ మనిషి ఉన్నంతవరకే.

అందుకే మంత్రి గారూ, మీ వ్యక్తిగత భరోసా అడగడం లేదు. 2025 జనవరిలో వైజాగ్ స్టీల్‌కి ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీకి సంతోషించాం. కానీ కొరియాలో ఒకే మనిషి 24 ఏళ్లు ఆ కంపెనీకి పెద్దగా ఉన్నారు. ఇక్కడ సీఎండీ (ఛైర్మన్, మేనేజింగ్ డైరెక్టర్) కుర్చీని మరో సంస్థ అధిపతికి అదనపు బాధ్యతగా కట్టబెట్టిన రోజులూ చూశాం. పూర్తికాలం సీఎండీ, తీసేయడానికి వీల్లేని కనీస గడువు, కొనుగోళ్లలో ఎవరి సిఫారసూ చెల్లదన్న ఉత్తర్వు: ఈ మూడూ రాతపూర్వకంగా పార్లమెంటు ముందు పెట్టండి. సొంత గనుల సంగతీ అందులోనే తేల్చండి. కొరియాలో ఖనిజం లేకపోయినా 1970లోనే చట్టం చేసి రేవు, రైలు, నీళ్లు ప్రభుత్వం సమకూర్చింది. మాకు ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఖనిజం రైల్లో వస్తుంది, డబ్బులు పోసి కొనుక్కోవాలి.

ఇంకొక్క విషయం. జపాన్ సొమ్ముని పార్క్ తే-జున్ 'పూర్వీకుల రక్తపు ధర' అనేవారు. ప్లాంటు కట్టలేకపోతే అందరం కుడివైపు తిరిగి పక్కనున్న యోంగిల్ అఖాతంలో దూకుదాం అనేవారు. కానీ జపాన్ గనుల్లో, ఫ్యాక్టరీల్లో బలవంతంగా పనిచేయించబడ్డ వాళ్లలో చాలామంది పరిహారం కోసం ముసలితనంలోనూ కోర్టుల చుట్టూ తిరిగారు. ఇక్కడ ప్లాంటు కోసం జరిగిన 1966 ఉద్యమంలో 32 మంది పోయారు, 64 ఊళ్లు భూములిచ్చాయి. ఆ ఊళ్ల ఇళ్లలో ఆర్ కార్డులు (నిర్వాసితులకి ఇచ్చిన పునరావాస కార్డులు) ఇప్పటికీ ట్రంకు పెట్టెల్లో ఉన్నాయి. కొన్ని మడతల దగ్గర చిరిగిపోయి, సెల్లోటేపు అంటించుకుని ఉన్నాయి. వైజాగ్ ఎప్పుడొచ్చినా ప్లాంటు గెస్ట్‌హౌస్‌కి వెళ్లేముందు ఆ ఇళ్లలో ఒక్క దానికి రండి, కార్డు తీసి చూపిస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సివిల్ సూపర్‌వైజర్, గాజువాక