లేకాక్ సినిమా సెట్ కాదు, కాపురాలున్న ఊరు

సంపాదకులు గారికి,

వేసవిలో ఇంగ్లండ్‌లోని పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రుల్లో నాకు తెలిసినవారు చాలామంది, బాత్ నగరం చూశాక దగ్గర్లోనే విల్ట్‌షైర్‌లో ఉన్న లేకాక్ గ్రామానికీ వెళ్ళివస్తున్నారు. గత నెల మా అమ్మానాన్నలతో నేనూ వెళ్ళాను. మాకు ముందు నడుస్తున్న ఒక తెలుగు బృందం ఓ ఇంటి గుమ్మం మెట్ల మీద వరుసగా కూర్చుని ఫొటోలు దిగింది. వారిలో ఒకరు కిటికీ అద్దానికి ముఖం ఆనించి లోపలికి తొంగిచూశారు. లోపల బల్ల దగ్గర బంగాళాదుంపల చెక్కు తీస్తున్న పెద్దావిడ కత్తి పక్కన పెట్టి, లేచి వచ్చి, ఒక్క మాటైనా అనకుండా తెర లాగేసుకున్నారు. "మన వీధిలో ఎవరైనా ఇలా చూస్తే ఊరుకుంటామా?" అని మా అమ్మ చాలా బాధపడింది.

ఆ ఊరిని 1944లో మటిల్డా టాల్బట్ అనే ఆవిడ అక్కడి అబ్బేతో (పాత మఠంతో) సహా, చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు అనే సంస్థకు దానంగా ఇచ్చారు. అప్పటి నుంచి కరెంటు తీగలు, టీవీ యాంటెనాలు కంటపడకుండా, రాతి గోడలూ చెక్క చట్రాల ఇళ్ళూ చెక్కుచెదరకుండా ట్రస్టు కాపాడుతోంది. వాటిలో చాలా ఇళ్ళలో మామూలు కుటుంబాలే ట్రస్టుకు అద్దె కట్టి ఉంటున్నాయి. ఊళ్ళో బడి నడుస్తోంది, చర్చిలో ప్రార్థనలు జరుగుతున్నాయి. తీగలు కనబడకపోవడం వల్లనే కాబోలు, వచ్చినవారు దాన్ని సెట్ అనుకుని పొరబడుతున్నారు. నా దృష్టిలో అక్కడ కాపాడుకోవలసిన వాటిలో మొదటిది ఆ కాపురాలే. ఇళ్ళు ఖాళీ చేయించి టికెట్ పెడితే అది మ్యూజియం అవుతుంది గాని ఊరు కాదు.

మరో బాధ ఏమిటంటే, అరగంటలో వీధులు చుట్టి వెళ్ళిపోయేవారు అసలు చూడవలసిన అబ్బేలోకి అడుగే పెట్టడం లేదు. 13వ శతాబ్దంలో సాలిస్‌బరీ కౌంటెస్ ఏలా స్థాపించిన ఆ సన్యాసినుల మఠం తరవాతి కాలంలో టాల్బట్ కుటుంబానికి నివాసమైంది. ఆ కుటుంబానికే చెందిన, ఫొటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకరైన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ 1835లో ఆ ఇంటి కిటికీనే ఫొటో తీశారు. నేటికీ నిలిచి ఉన్న ఫొటో నెగటివ్‌లలో అదే తొలిదిగా చెబుతారు. తపాలా బిళ్ళంత ఆ కాగితం మీద, భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 గాజు పలకలు లెక్కించగలిగేంత స్పష్టంగా అది వచ్చిందని ఆయనే రాసుకున్నారు. ఫోన్ తీసి ఫొటో నొక్కే ముందు ఆ కిటికీ ఎదుట ఒక్క క్షణం నిలబడకపోతే అంత దూరం వెళ్ళీ ఏం ప్రయోజనం?

మీ పత్రిక ప్రయాణాల పేజీలో ఇటువంటి ఊళ్ళ గురించి రాసినప్పుడు, అక్కడ మనుషులు కాపురం ఉంటున్నారనీ, ఊరి చివరనున్న పార్కింగ్‌లోనే కారు నిలపాలనీ, ఒకరి గుమ్మం ఎక్కే ముందు అడగాలనీ తప్పక చేర్చవలసిందిగా కోరుతున్నాను. యాత్రలు నడిపేవారు కూడా లేకాక్‌కు కనీసం సగం పూట కేటాయించి, ఈ సంగతి బస్సు దిగకముందే అందరికీ చెప్పాలి.

- ఒక పాఠకురాలు, బ్రిస్టల్