రెట్టింపు దిగుబడి సరే, దేనికి రెట్టింపు?

సంపాదకులకు నమస్కారం.

తొలకరి వస్తోందంటే చాలు, గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో జామాయిల్, సరుగుడు క్లోన్ మొక్కల కరపత్రాలు మొదలవుతాయి. మా టీకొట్టు గోడకు అంటించిన దాని మీద ‘దిగుబడి రెట్టింపు’ అని ఉంది. దేనికి రెట్టింపో లేదు.

నాలుగేళ్ల కిందట అలాంటి కాగితం చూసే రెండెకరాల్లో జామాయిల్ వేశాను. మొన్న కర్ర బేరానికి ముందు టేపు పట్టుకుని తోటంతా తిరిగాను. కాలువ గట్టు వరసలో చెట్ల చుట్టుకొలత ఛాతీ ఎత్తున 46 సెంటీమీటర్లు. నాలుగు వరసలు లోపలికెళ్తే 34 దాటలేదు. అన్నీ ఒకే క్లోన్, ఒకే చెట్టు కొమ్మల నుంచి వచ్చినవి. జన్యువుల్లో తేడా లేదు. ఆ 12 సెంటీమీటర్లూ కాలువ నీరు, పక్కనుంచి పడే ఎండ పెట్టిన భిక్ష. రేపెవరైనా గట్టు చెట్టును చూసి ముచ్చటపడి దాని కొమ్మలతో మొక్కలు కట్టినా, లోపలి చెట్టు మొక్కకంటే పిసరంత ఎక్కువ రాదు.

గింజ మొక్కల తోటలో ఏ చెట్టు జాతకం దానిది కాబట్టి కొంత వస్తుంది. ఎంతనేదానికి లెక్కుంది. ఏరిన చెట్లు తోట సగటును ఎంత మించాయో చూసి, ఆ తేడాలో జన్యువుల వాటాతో గుణిస్తారు. ఆ వాటానే అనువంశికత అంటారు. కాండం లావులో అది తరచుగా మూడోవంతు కూడా ఉండదు. ఐదోవంతే అనుకుంటే, తల్లీతండ్రీ రెండూ 12 సెంటీమీటర్లు మించిన చెట్లే అయినా పిల్లల్లో ఆశించాల్సింది 2.4.

ఆ వాటా తేలాలంటే నాలుగు చోట్ల, గట్టు వరసలు వదిలేసి, పక్కన మామూలు మొక్కలు పెట్టి ఏళ్ల తరబడి కొలవాలి. కోయంబత్తూరులోని కేంద్ర ప్రభుత్వ అటవీ జన్యు పరిశోధన సంస్థ చేసేది ఇలాంటి పనే. మంచి క్లోన్లు లేవని నేననను, భద్రాచలం కాగితం మిల్లు వాళ్ల క్లోన్లతో బాగుపడ్డ రైతులున్నారు. కానీ ఎర్రనేలలో నెగ్గింది మన నల్లరేగడిలో వెనకబడొచ్చు.

పత్తి విత్తనాల ప్యాకెట్టు మీద మొలక శాతం, పరీక్ష తేదీ ఉంటాయి. నా మొక్కల బిల్లు మీద క్లోన్ నంబరు కూడా లేదు. నర్సరీ వాళ్లను అడిగితే ‘మీ నేల అలాంటిదండీ’ అన్నారు. నేనూ అదే అంటున్నాను!

ఏ క్లోను, ఏ నేలల్లో పరీక్షించారు, దేంతో పోల్చారు, ఎన్నో ఏట కొలిచారు అన్నవి బిల్లు మీద రాసేలా అధికారులు ఈ తొలకరికే ఆదేశాలివ్వాలి. ఎన్నో ఏట కొలిచారన్నది ఎందుకంటే, రెండో ఏట ముందున్న చెట్టు కోతనాటికీ ముందుంటుందని లేదు.

— ఒక జామాయిల్ రైతు, గుంటూరు జిల్లా