హారన్ కొట్టినా తప్పుకోని కుక్క

సంపాదకుల గారికి నమస్కారం.

వీధికుక్కల మీద మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు విడవకుండా చదువుతున్నాను. కుక్కలు కరుస్తున్నాయని రాసినవాళ్ళున్నారు, అన్నం పెట్టేవాళ్ళను తిట్టినవాళ్ళున్నారు, వాళ్ళ తరఫున మాట్లాడినవాళ్ళూ ఉన్నారు. వినపడని కుక్క గురించి మాత్రం ఎవరూ రాయలేదు. అలాంటిది మా ఇంట్లో ఒకటుంది. దాన్నుంచి నేను తెలుసుకున్నది మన కర్నూలు కార్పొరేషన్ వాళ్ళకూ, బండి నడిపే ప్రతి మనిషికీ పనికొస్తుందని రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో ముప్పయ్యొక్క సంవత్సరాలు కండక్టరుగా చేసినాను. ఎక్కువగా శ్రీశైలం, మంత్రాలయం రూట్లు. రిటైరయినాక కల్లూరులో ఉంటున్నాము. 2024 నవంబరులో ఒకనాడు పొద్దున్నే పాలపాకెట్లకు పోతే, నంద్యాల చెక్‌పోస్టు దగ్గర నడిరోడ్డు మీద ఒక తెల్లకుక్క నిలబడి ఉంది. ఒళ్ళంతా చింతగింజలంత నల్లచుక్కలు. డాల్మేషియన్ జాతి అంటారని తర్వాత తెలిసింది. దాని వెనకే ఇసుక లారీ. డ్రైవరు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. కుక్క తలకూడా తిప్పలేదు. "దీని పొగరు చూడు" అని పక్కనున్నాయన రాయి తీసుకున్నాడు. నేను పోయి మెడ పట్టుకుని ఇవతలికి లాగితే ఒక్కసారి ఉలిక్కిపడి, తర్వాత నా చెయ్యి నాకింది. మెడచుట్టూ వెంట్రుకలు రాలిపోయి పట్టీ అచ్చు పడి ఉంది. ఎవరో ఇంట్లో పెంచి, రోడ్డు మీద దించిపోయిన కుక్క.

ఇంటికి తీసుకుపోతే మా ఆవిడ గేటు దగ్గరే ఆపేసింది. దానికి కారణముంది. 2009 అక్టోబరు వరదల్లో మేము పాతపట్నంలో, హంద్రీ దాపున ఉన్నాము. నీళ్ళు వచ్చిన తీరు చూసినవాళ్ళకు చెప్పాల్సిన పనిలేదు. మేము మేడెక్కినాము, కట్టేసిన కుక్కను విప్పే వ్యవధి దొరకలేదు. ఆ తర్వాత పదిహేనేళ్ళు మా ఇంట్లో కుక్క మాట ఎవరూ ఎత్తలేదు. "మళ్ళీ ఆ బాధ నాకొద్దయ్యా" అంది. కాలనీలో కుక్కలకు అన్నం పెట్టే కాలేజీ పిల్లలు వచ్చి, "పెద్దాయనా, పదిరోజులు పెట్టుకోండి చాలు, దీనికి ఇల్లు మేము చూస్తాం, ఫోస్టరింగ్ అంటారు దీన్ని" అన్నారు. పదిరోజులు సాకడమే కదా అని మా ఆవిడ ఒప్పుకుంది. కట్టేయకూడదని మాత్రం షరతు పెట్టింది.

దానికి వినపడదని నాలుగు రోజులు మాకు తెలియనే లేదు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎవరైనా ఇట్లాగే పొరబడతారు. పిలిస్తే రాకపోతే భయపడిందనుకున్నాము. వంటింట్లో చెంబు జారిపడితే చటుక్కున తల తిప్పింది, వింటోందిలే అనుకున్నాము. అయిదోనాడు అది మా నవారు మంచమెక్కి పడుకుంది. కుక్కరు మూడు ఈలలు వేసింది. చెవి కదల్లేదు. నేను పెట్టెలోంచి నా డ్యూటీ విజిల్ తీసి వెనకనుంచి ఊదినాను. వీధిచివరి ఇంటామె బయటికొచ్చి చూసింది గానీ ఇది నిద్ర లేవలేదు. మంచం మీద పడుకున్నప్పుడు చెంబు కింద పడేసినా లేవలేదు. అప్పుడు అర్థమయింది. మా ఇల్లు బేతంచెర్ల బండల నేల. చెంబు పడితే ఆ అదురు బండలోంచి దాని పాదాలకు తగులుతోంది. అది చెవితో వినలేదు, కాళ్ళతో విన్నది.

పశువుల డాక్టరు గారు చూసి విషయం చెప్పినారు. ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉంటాయట. తెల్లదనం ఎక్కువున్న కొన్ని కుక్కల్లో అక్కడ ఆ కణాలు ఉండవు, దాంతో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు పుట్టిన మూడు నాలుగు వారాలకే చచ్చిపోతాయి. మందు లేదు, ఆపరేషన్ లేదు. అమెరికాలో పరీక్ష చేసిన డాల్మేషియన్లలో వందకు దాదాపు 30 కుక్కలకు ఒక చెవో రెండు చెవులో వినపడవని తేలింది. ఒక చెవి పనిచేసేది ఎట్లో నెట్టుకొస్తుంది. రెండూ పోయినదే మా చుక్కి. పేరు మా ఆవిడ పెట్టింది. పిలవడానికి పనికిరాని పేరెందుకంటే, "దానికోసం కాదు, మనకోసం" అంది. చుక్కికి మేము పెట్టుకున్న పేరు వేరే ఉంది: ముంజేతి మీద రెండు వేళ్ళతో టక్‌టక్‌మని చుక్కలు పెట్టినట్టు చూపిస్తాము. అది చూస్తే వస్తుంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. సర్వీసులో ఉన్నప్పుడు ఒకసారి ఎమ్మిగనూరు దగ్గర ఎక్కిన ఒక కుర్రాడిని టికెట్టు టికెట్టు అని నాలుగుసార్లు అడిగినాను. కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నిండు బస్సులో "చెవుడా నీకు?" అని గట్టిగా అరిచినాను. భుజం తట్టేసరికి తిరిగి, నా మొహం చూసి, గబగబా జేబులోంచి పాస్ తీసినాడు. వినికిడి లోపమున్నవాళ్ళకిచ్చే పాస్ అది. తలవంచుకుని కూర్చున్నాడు. నేను క్షమించమని అడగను కూడా లేదు, ఎట్లా అడగాలో తెలియలేదు. మనిషిని కుక్కతో పోల్చడం కాదు నా ఉద్దేశం. జవాబివ్వకపోతే ఎదుటివాడిది పొగరని అనుకోవడం నాకెంత అలవాటో చెప్పడానికి రాస్తున్నాను. చెక్‌పోస్టు దగ్గర రాయి తీసినాయనను నేను ఏమీ అనలేకపోయింది అందుకే.

నేర్పించడం అనుకున్నంత కష్టం కాలేదు. బస్సు వెనక్కి తీసేటప్పుడు కండక్టరు కిందికి దిగి బాడీ మీద అరచేత్తో చరుస్తాడు. ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే రా. ఇంజను మోతలో డ్రైవరుకు నోటిమాట చేరదు, దెబ్బ మాత్రం రేకులో పాకి సీటుదాకా పోతుంది. అదే పద్ధతి చుక్కికి పెట్టినాను. నేలమీద మడమతో రెండు దెబ్బలు వేస్తే నావైపు చూడాలి. చూసిన ప్రతిసారీ ఒక ఉడకబెట్టిన గుడ్డుముక్క. వారంలో పట్టుకుంది. ఆ తర్వాత చేతి సైగలు: అరచెయ్యి కిందికి దించితే కూర్చోవాలి, బొటనవేలు పైకెత్తితే శభాష్. రాత్రిపూట మేడమీద ఉంటే టార్చిలైటు రెండుసార్లు వెలిగించి ఆర్పితే దిగొస్తుంది. ఇంట్లో ఎవరం సైగ చేసినా ఒకే రకంగా చేయాలి, లేకపోతే దానికి అయోమయం. దాని మెడకు చిన్న గజ్జె కట్టినాము, అది ఎక్కడుందో మాకు తెలియడానికి. పట్టీ మీద "నాకు వినపడదు" అని రాయించి నా ఫోన్ నంబరు వేయించినాను. గేటు బయట తాడు లేకుండా ఒక్క అడుగు కూడా పోనివ్వము. ఎంత నేర్చిన కుక్కయినా మనవైపు వీపు తిప్పి ఉంటే మన సైగ దానికి చేరదు కదా.

మొరగదా అని అడుగుతుంటారు. బాగా మొరుగుతుంది. గేటు కదిలినా, నీడ పడినా చాలు. పోయిన దీపావళికి వీధిలో కుక్కలన్నీ వణికిపోయి మోరీల్లో దూరితే, ఇది మాత్రం మా ఆవిడ కాళ్ళ దగ్గర హాయిగా నిద్రపోయింది.

ఒక ప్రమాదం కూడా జరిగింది. దాచిపెడితే ఈ ఉత్తరానికి విలువ ఉండదు. బెంగళూరు నుంచి వచ్చిన మా మనవరాలు, ఆరేళ్ళ పిల్ల, నిద్రపోతున్న చుక్కిని వెనకనుంచి వాటేసుకుంది. అది అదిరిపడి నోరు విసిరింది. మోచేతి మీద పన్ను గీసుకుంది, చర్మం చెదిరింది. వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగినాము. చుక్కికి రేబిస్ టీకా వేయించి ఉన్నా డాక్టర్ల మాట ప్రకారం పిల్లకు ఆరోజు, మూడోరోజు, ఏడోరోజు, ఇరవయ్యెనిమిదోరోజు సూదులు వేయించినాము. తప్పు కుక్కది కాదు, పిల్లదీ కాదు, చెప్పకుండా వదిలిన మాది. నిద్రపోయే వినపడని కుక్క ముక్కు ముందు మొదట చెయ్యి పెట్టాలి, వాసన తగులుతుంది. అప్పుడు భుజం మీద నెమ్మదిగా తాకాలి. మనవరాలికి ఇప్పుడది నాకంటే బాగా వచ్చు. "తాతా, ముందు ముక్కు" అని వచ్చిన చుట్టాలందరికీ నేర్పుతోంది.

ఇంకొక సంగతి కూడా డాల్మేషియన్ పెంచేవాళ్ళు తెలుసుకోవాలి. మేము ప్రేమకొద్దీ వారానికి మూడుసార్లు కార్జం తెచ్చి పెట్టేవాళ్ళము. డాక్టరు గారు మానిపించినారు. ఈ జాతి మొత్తానికి మూత్రంలో యూరిక్ యాసిడ్ ఎక్కువట, రాళ్ళు కట్టే గుణం. కార్జం, గుండె, కిడ్నీ లాంటివి పెట్టకూడదు, నీళ్ళు బాగా తాగించాలి. ఇప్పుడు అన్నం, పెరుగు, గుడ్డు, సొరకాయ. మన ఎండల్లో ఇంట్లో నాలుగుచోట్ల నీళ్ళ గిన్నెలు పెట్టినాము.

పదిరోజులు నెలలయినాయి. తీసుకుంటామని వచ్చినవాళ్ళు లేకపోలేదు. తోటకాపలాకు కావాలని ఒక రైతు వచ్చినాడు, వినపడదనగానే పాపం నిజాయితీగా "నాకు పనికిరాదన్నా" అని వెళ్ళిపోయినాడు. ఆయన మీద నాకు కోపం లేదు. రెండోవాడు కారులో వచ్చి, "వినపడకపోతే ఏం, పిల్లలు పెడుతుంది కదా" అన్నాడు. ఈ లోపం తల్లిదండ్రుల నుంచి పిల్లలకు దిగుతుందని చెప్పినా, కొనేవాళ్ళకు ఏం తెలుస్తుందన్నాడు. గేటు చూపించినాను. ఆ వారమే చుక్కికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించినాము. వాడి మాట విన్నాకే నాకు తెలిసింది, చుక్కి ఆ రోడ్డు మీదికి ఎట్లా వచ్చిందో. ఆ సాయంత్రం మా ఆవిడ, "ఎవరికీ ఇవ్వొద్దయ్యా, మనదే" అంది. ఆ కాలేజీ పిల్లల్ని పిలిచి దత్తత కాగితం మీద సంతకం పెట్టింది కూడా ఆమే.

పెంచిన జంతువును కారణం లేకుండా వదిలేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా? 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. బస్సులో టికెట్టు లేకుండా దొరికినవాడు కట్టేది ఇంతకంటే ఎక్కువ. ఈ అంకె మార్చమని మన ఎంపీలను అడగాలి.

ఇక కార్పొరేషన్ వాళ్ళకు నా మనవి. 2023 కుక్కల సంతాన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టిన కుక్కకు ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టినచోటే వదలాలి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటికి అదే చెప్పింది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్లలోని కుక్కలను తీసి షెల్టర్లలో పెట్టమంది. మంచిదే, బస్టాండులో పిల్లల్ని కుక్కలు తరమడం నా కళ్ళతో చూసినవాణ్ణి, తల్లుల భయం నాకు తెలుసు. కానీ వినపడని కుక్కను పట్టినచోటే వదిలితే ఏదో ఒక లారీ కింద పడుతుంది. షెల్టర్లో పదికుక్కల మధ్య వేస్తే పక్కకుక్క గుర్రుమన్నది దానికి వినపడదు, హెచ్చరిక తెలియక పోయి కరిపించుకుంటుంది. దానికి తగిన చోటు ఇల్లే. దత్తత తీసుకునేవాళ్ళు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని ఆగస్టు ఉత్తర్వులోనే ఉంది, తీసుకున్నాక మళ్ళీ వీధిలో వదలకూడదనీ ఉంది.

అందుకని, వదిలేముందు ప్రతి కుక్కకూ వినపడుతుందో లేదో చూడండి. యంత్రాలేమీ అక్కర్లేదు. గోనెపట్టా మీద పడుకున్నప్పుడు, దానికి కనపడకుండా, గాలి తగలనంత దూరంలో నిలబడి ఈల వేయండి. చెవి కదలకపోతే ఇంకోపూట ఇంకోసారి. నేల అదిరేటట్టు కాలు మోపొద్దు, మేము మోసపోయినట్టే మీరూ మోసపోతారు. వినపడదని తేలినదాన్ని రిజిస్టరులో వేరేగా రాసి, కొన్నాళ్ళు సాకడానికి ముందుకొచ్చే ఇళ్ళ పేర్లు రాసిపెట్టుకోండి. మొదటి పేరు మాది రాసుకోండి. ఇంకొకదాన్ని పదిరోజులు ఉంచుకుందామని మా ఆవిడే అంది.

లారీ, ఆటో నడిపే తమ్ముళ్ళకు ఒక్కమాట. రెండుసార్లు హారన్ కొట్టినా కుక్క తప్పుకోకపోతే మూడోది కొట్టకండి, బ్రేకు వేయండి.

కుక్కల కేంద్రంలో వినికిడి చూసే మనిషి లేడంటే నన్ను పిలవండి. నా డ్యూటీ విజిల్ ఇంకా నా దగ్గరే ఉంది. ఏ పొద్దున రమ్మన్నా వస్తాను, నాకు డబ్బులేమీ వద్దు.

ఇట్లు,
ఒక రిటైర్డు ఆర్టీసీ కండక్టరు,
కల్లూరు, కర్నూలు.